చెయ్యెత్తని పిల్ల

మంట లేచే వేళకు హాస్టలు పిల్లలంతా కళ్లు మూసుకుని ఉన్నారు.

పళ్లేల్లో జొన్నన్నం, గోంగూర పులుసు. కడుపులో ఆకలి. ఈ రెంటికీ మధ్య ప్రార్థన. నరసరావుపేట నుంచి వినుకొండ వెళ్లే దారిలో ఉన్న ఆ మిషన్ బాలికల హైస్కూల్లో అన్నానికి ముందు ఒక పిల్ల లేచి నిలబడి, అందరికీ వినిపించేలా ప్రార్థన చెప్పాలి. రోజుకొకరి వంతు. వంతు తప్పించుకోవటానికి వీల్లేదని హెడ్మాస్టరు దేవానందంగారి ఉత్తరువు. ఆ రోజు ఎనిమిదో తరగతి రూతమ్మ వంతు. పిలిస్తే పలకలేదు. వెతికితే కనిపించలేదు. చివరికి మానిటరు లీలావతి లేచి, రూతమ్మ బదులు గడగడా చెప్పేస్తోంది.

సైన్సు టీచరూ, హాస్టలు వార్డెనూ అయిన కరుణమ్మ అందరికంటే ముందు కళ్లు తెరిచింది. ముక్కుకు తగిలిన పొగ వంటింటి పొగ కాదు.

"ఆమెన్ తరవాత చెప్పుకోండి. బకెట్లు పట్టుకుని రండి," అంటూ బయటికి పరిగెత్తింది.

బడి గోడ అవతల పంచాయతీ ప్రెసిడెంటు వెంకట్రామయ్యగారి కళ్లం. కళ్లంలో ఇంటి ఎత్తున జొన్న చొప్ప వామి. ఆ వామి నిలువునా తగలబడుతోంది. అది పంతొమ్మిదివందల అరవై ఒకటి. సాగరు కాలవ వస్తుందని అందరూ చెప్పుకోవటమేగాని నీటి చుక్క చూసినవాడు లేడు. రెండేళ్లుగా వానలు మొహం చాటేశాయి. పశువులకి మేత లేక పల్నాడంతా అల్లాడుతోంది. అలాంటి ఏడాదిలో వామి తగలబెట్టడమంటే ఇంట్లో మనిషిని చంపినంత పని.

కరుణమ్మ గోడకున్న గండి దగ్గరికి చేరేసరికి, వెంకట్రామయ్య బావమరిది సుబ్బారావు ఎదురొచ్చాడు. చేతిలో ఒక పిల్ల రెక్క. రూతమ్మ. ఆ పిల్ల రెండో చేత్తో సగం తిన్న అల్యూమినియం పళ్లేన్ని రొమ్ముకు అదుముకుని ఉంది.

"ఇదిగో టీచరమ్మా, మీరు పెంచుతున్న బంగారం. మా వామికి నిప్పు పెట్టి పరిగెత్తుతుంటే పట్టుకున్నా."

"చెయ్యొదులు."

"వదిలితే పారిపోయిద్ది."

"నేనున్నాగా. వదులు." కరుణమ్మ పిల్లను తనవైపు లాక్కుంది. "అన్నం తింటూ తింటూ పోయి నిప్పు పెట్టిందా? అగ్గిపెట్టె ఏది?"

"మంటలో పడేసుంటది. పుల్ల గియ్యటం నా కళ్లతో చూశా. అడగండి, కాదంటదేమో."

కరుణమ్మ రూతమ్మ మొహంలోకి చూసింది. అప్పటికే కళ్లం చుట్టూ జనం మూగారు. నీళ్లు మోసేవాళ్లు కొందరు, చోద్యం చూసేవాళ్లు చాలామంది. అన్ని కళ్లూ ఆ పిల్ల మీదే. రూతమ్మ మెడ దాకా ఎర్రబడింది. మాట రాలేదు.

"చూశారా," అన్నాడు సుబ్బారావు, అక్కడున్న అందరికీ వినపడేటట్టు. "కాదని అనలా."

ఆ సాయంత్రం బడి వరండాలో విచారణ పెట్టారు.

మధ్య కుర్చీలో వెంకట్రామయ్య. పంచె మీద మసి మరకలు ఇంకా పోలేదు. పక్కన సుబ్బారావు. ఇటు హెడ్మాస్టరు దేవానందం. ఆయన పక్కనే, తన పరిశోధన లెక్కలు చూపించటానికి ఆ మధ్యాహ్నమే గుంటూరు నుంచి వచ్చిన ట్రైనింగ్ కాలేజీ లెక్చరరు ఆనందరావు. మెట్ల కింద ఊళ్లోవాళ్లు. వీళ్లందరి ఎదురుగా, స్తంభానికి ఆనించి నిలబెట్టిన నేరస్థురాలిలాగా రూతమ్మ.

"ఎందుకు తగలబెట్టావమ్మా?" అన్నారు దేవానందంగారు. మౌనం. "ఎవరన్నా చెప్పి చేయించారా?" మౌనం. "పోనీ నువ్వు చెయ్యలేదని అన్నా చెప్పు." పిల్ల ఓణీ కొసను వేలికి చుడుతోంది, విప్పుతోంది. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది.

"పిల్లకి భయంగా ఉందండీ. ఇంతమందిలో మాట్లాడలేదు," అంది కరుణమ్మ.

దేవానందంగారు ఆ మాట కోసమే కాచుకున్నట్టు తల ఊపారు. "భయమా? అది ఆనందరావుగారు కొలిచారుగా. సైన్సు టీచరు అయుండి మీరే సైన్సును కాదంటే ఎట్టా?"

కరుణమ్మకు ఒళ్లు మండింది. ఆ కొలత ఎలా జరిగిందో ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు.

పక్షం రోజుల కిందట ఆనందరావు ఒక ప్రశ్నల కట్టతో దిగాడు. పెద్ద డిగ్రీ కోసం పరిశోధన చేస్తున్నాడు. పిల్లల్లో, ఎదిగే వయసు వాళ్లలో నలుగురంటే ఉండే బెరుకును కొలుస్తాడట. జ్వరం ఎంతుందో థర్మామీటరు చెప్పినట్టు, బెరుకు ఎంతుందో తన ప్రశ్నలు చెబుతాయన్నాడు. ప్రశ్నలు అమెరికాలోవి. తెలుగులోకి తనే మార్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు, ఓపికగానే మాట్లాడతాడు. అక్కడ ప్రతి పిల్లా ఒంటరిగా కూచుని, ఎవరికీ చూపకుండా కాగితం మీద టిక్కు పెడుతుందని తనే చెప్పాడు.

"అంత కాగితం ఎవడిస్తాడండీ," అన్నారు దేవానందంగారు. "హాల్లో కూచోబెట్టి మీరు చదవండి. అవునన్నోళ్లు చెయ్యెత్తుతారు. కరుణమ్మగారు రాసుకుంటారు. అరగంటలో అయిపోయిద్ది."

ఆనందరావు ఒక్క నిమిషం తటపటాయించి, సరేనన్నాడు. అతనికి సాయంత్రం బస్సు ఉంది.

"సార్, పదిమంది చూస్తుంటే వణికే పిల్లని, ఆ పదిమంది మధ్యనే నాకు వణుకని చెయ్యెత్తమంటే ఎట్టా ఎత్తిద్ది?" అని కరుణమ్మ అక్కడికక్కడే అడిగింది.

"మీరు రాసుకోండి చాలు," అన్నారు దేవానందంగారు.

హాలు నిండా పిల్లలు. "నలుగురిలో మాట్లాడాలంటే నీకు భయమా?" అని ఆనందరావు చదివాడు. ఎక్కడైనా పాడగలిగే, ఎవరితోనైనా తగువు పెట్టుకోగలిగే లీలావతి కిసుక్కున నవ్వి చెయ్యెత్తింది. దాన్ని చూసి దాని జట్టు ఎత్తింది. "కొత్తవాళ్ల ముందు అన్నం తినాలంటే ఇబ్బందా?" మళ్లీ అవే చేతులు, అదే నవ్వు. మూడో వరసలో గోడ వారన రూతమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, నేలను చూస్తూ కూచుంది. ప్రశ్నలన్నీ అయిపోయేదాకా ఆ చేతులు కదల్లేదు. లెక్క తేలింది. బడి మొత్తంలో బెరుకు ఎక్కువున్న పిల్ల లీలావతి. బెరుకు సున్నా ఉన్న పిల్లల్లో రూతమ్మ ఒకతె. పంక్తిలో కూచుంటే ఒక్క ముద్ద మింగలేక, వంట ఇన్నయ్య దగ్గర వెనక గుమ్మంలో ముందుగా పెట్టించుకుని, ఎక్కడో ఒంటరిగా తినే రూతమ్మ. కరుణమ్మ ఆ సంగతి ఎరిగీ ఊరుకునేది. ఆకలితో ఉండటం కంటే ఎక్కడో ఒకచోట తినటం నయమని.

ఇప్పుడు ఆ సున్నా వరండాలోకి వచ్చి కూచుంది.

"ఏమండీ ఆనందరావుగారూ, ఈ పిల్లకి బెరుకు ఎంత?" అన్నారు దేవానందంగారు.

ఆనందరావు గొంతు సవరించుకున్నాడు. "లెక్క ప్రకారం... ఏమీ లేదండీ."

"విన్నారుగా. బెరుకు లేని పిల్ల నోరు తెరవట్లేదంటే ఏంది? పొగరు. తప్పు చేసింది గనక చెప్పట్లేదు."

"అదీ మాట," అన్నాడు సుబ్బారావు.

వెంకట్రామయ్య అప్పటిదాకా ఒక్క మాటా అనలేదు. ఎలక్షనులో తనమీద నిలబడినవాణ్ణి కూడా కేకేసి తిట్టడని, పగబట్టినవాణ్ణి మాత్రం వదలడని ఆయనకు పేరు. "పొద్దుటిదాకా టైమిస్తన్నా," అన్నాడు లేస్తూ. "నా గొడ్లు ఏం తినాలో ఆ పిల్ల చెప్పదు. కనీసం ఎందుకు చేసిందో చెప్పమనండి. చెప్పకపోతే నరసరావుపేట స్టేషనుకు అప్పగిస్తా. ఆడపిల్లని కూడా చూడను."

"నేను టీసీ ఇచ్చేస్తాను," అన్నారు దేవానందంగారు వెంటనే. "నడత మంచిది కాదని రాసి మరీ ఇస్తాను. బడికి మచ్చ."

ఆ మాట రాసిన టీసీ చూసి ఏ బడీ గుమ్మం తొక్కనివ్వదు. ఈపూరులో రూతమ్మ తల్లి దేవమ్మ మిరప చేలల్లో కూలి చేసి, చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని, కూతుర్ని చదివిస్తోంది. రేపటితో ఆ పిల్ల కూడా ఆ మిరప చేలోకే.

పొద్దు కుంకుతుండగా కరుణమ్మ రూతమ్మను జబ్బు పిల్లల గదిలో కూచోబెట్టి తలుపేసింది. ఎదురుగా స్టూలు లాక్కుంది.

"చెప్పవే. నువ్వేనా?"

మౌనం.

"నేను నిన్ను కొడతానా? తిడతానా? అక్కడేం చూశావో చెప్పు."

మౌనం. పిల్ల చూపు తన మోకాళ్ల మీదే ఉంది.

కరుణమ్మ అడిగినకొద్దీ పిల్ల కుంచించుకుపోయింది. చివరికి కరుణమ్మకే సహనం చచ్చింది. విసురుగా లేచి కిటికీ దగ్గరికి పోయి, ఊచలు పట్టుకుని బయటికి చూస్తూ నిలబడింది. కళ్లంలో బూడిద కుప్ప సన్నగా పొగలు కక్కుతోంది. "నీ ఖర్మ. రేపు పోలీసోళ్లొచ్చి ఈడ్చుకుపోతుంటే అప్పుడూ ఇట్టాగే కూచో. నేనేం చెయ్యను."

"లోపల ఖాళీగా ఉంటది టీచరుగారూ."

కరుణమ్మ గిరుక్కున తిరిగింది. పిల్ల నోరు టక్కున మూసుకుంది.

ఆమె అలాగే చూస్తూ నిలబడింది. తరవాత, చాలా నెమ్మదిగా, మళ్లీ కిటికీ వైపు తిరిగింది. గొంతులో మాత్రం మార్పు రానివ్వలేదు. "ఏది ఖాళీగా ఉంటది?"

"వామి. వెనక నించి కట్టలు లాగేస్తే గది మాదిరి అయింది. నేను అందులో కూచుని తింటా. ఎవురూ చూడరు."

వీపు వెనక నుంచి మాటలు ఒకటొకటే వచ్చాయి. ఆ మధ్యాహ్నం ఎవరు వచ్చారో, ఏం చేశారో. వింటున్నకొద్దీ కరుణమ్మ పిడికిట్లో ఊచ బిగుసుకుంది. నిప్పు పెట్టింది సుబ్బారావు.

తను ఒక్కర్తే విన్నందువల్ల లాభం లేదు. రేపు వరండాలో పిల్లే చెప్పాలి. కరుణమ్మ బయటికి పోయి లీలావతిని లాక్కొచ్చింది. లీలావతి గుమ్మంలోకి రాగానే రూతమ్మ మళ్లీ రాయి అయిపోయింది.

"నువ్వూ గోడకు తిరుగు. నోరెత్తావంటే చంపుతా," అంది కరుణమ్మ.

లీలావతి తిరిగింది. ఇద్దరూ గోడకేసి చూస్తూ నిలబడ్డారు. తరవాత రూతమ్మ గొంతు పెగిలింది. మొదటిసారి కంటే సన్నగా, కానీ తెగకుండా. కరుణమ్మ ఒకసారి కావాలనే తల సగం తిప్పింది. మాట తెగింది. తల వెనక్కి తిప్పుకుంది. మాట అతుక్కుంది. ఈ పిల్లకి మనుషులంటే భయం కాదు. వాళ్ల చూపులంటే భయం. కొలవాల్సింది ఇది. ఇరవై ప్రశ్నలు చదివి, చేతులు లెక్కబెట్టి వెళ్లిన మనిషికి ఇది ఎక్కడ దొరుకుతుంది?

లీలావతి కళ్లు తుడుచుకుంటూ అంది. "ఆ రోజు ఊరకే చెయ్యెత్తా టీచరుగారూ. తమాషాకి."

"తప్పు నీ తమాషాది కాదులే," అంది కరుణమ్మ. "పో."

కబురంది, తెల్లవారి మొదటి బస్సుకే దేవమ్మ దిగింది. వరండా మెట్ల దగ్గర కూతుర్ని చూడగానే చెంప మీద ఒకటి కొట్టింది. "నోరుందా లేదటే నీకు? కాదని చెప్పవే. ఒక్క మాట చెప్పవే." కొట్టి, కొట్టిన చోటే చెయ్యి పెట్టి ఏడ్చింది. రూతమ్మ ఏడవను కూడా లేదు.

నిన్నటి కుర్చీలే, నిన్నటి మనుషులే. జనం మాత్రం ఇంకా పెరిగి గేటు దాకా నిలబడ్డారు.

"పిల్ల చెప్పిందండీ," అంది కరుణమ్మ. "నిప్పు పెట్టింది సుబ్బారావుగారు. పిల్ల కళ్లారా చూసింది."

వరండా అంతా కలకలం రేగింది. సుబ్బారావు నవ్వాడు. "మీరు రాత్రంతా కూచోబెట్టి నేర్పిన పాఠమా టీచరమ్మా? నిన్న ఒక్క ముక్క రాని పిల్లకి పొద్దుటికల్లా కథ వచ్చిందే. ఏదీ, ఆ పిల్లనే చెప్పమనండి. నా మొహం చూసి చెప్పమనండి."

"చెప్పమ్మా," అన్నారు దేవానందంగారు. రూతమ్మ తల వంచేసింది.

"అయిపోయిందిగా," అని సుబ్బారావు కాలు మీద కాలేసుకున్నాడు. "భయం లేదని పెద్దాయన కొలిచి మరీ చెప్పాడు. ఇంకా ఎందుకు ఈ నాటకం?"

కరుణమ్మకు ఇక ఆగలేదు. వరండా మధ్యకు వచ్చి నిలబడింది. "ఆనందరావుగారూ, మీ కొలత నేను కూడా ఒకసారి వాడతాను. తప్పుంటే చెప్పండి." జనం వైపు తిరిగింది. "ఇక్కడున్నోళ్లలో ప్రెసిడెంటుగారంటే భయం ఉన్నోళ్లు చెయ్యెత్తండి."

మెట్ల కింద ఆయన కౌలురైతులు. ఆయన దగ్గర అప్పు తెచ్చినవాళ్లు. ఆయన చెప్పినవాడికే ఓటేసినవాళ్లు. బడికి బావి నీళ్లు ఆయన పొలం నుంచే తెచ్చుకునే హెడ్మాస్టరు. ఒక్క చెయ్యి లేవలేదు. ఒకడు గోక్కోవటానికి ఎత్తబోయిన చేతిని కూడా కిందికి దించుకున్నాడు.

"రాసుకోండి సార్," అంది కరుణమ్మ. "ఈ ఊళ్లో ప్రెసిడెంటుగారంటే భయం సున్నా."

ఆనందరావు మొహంలో నెత్తురు లేదు. దేవానందంగారు "కరుణమ్మగారూ, హద్దు మీరుతున్నారు," అంటూ లేవబోయారు.

"కూచోండి మేష్టారూ," అన్నాడు వెంకట్రామయ్య. ఆయన జనాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. చూపు తగిలిన ప్రతి తలా వంగింది. "ఎన్ని చేతులు లేవాలో నాకు తెలుసు. ఏందమ్మా నువ్వు అడిగేది?"

"కుర్చీలు గోడకు తిప్పి కూచోండి. అందరూ. మెట్ల కిందోళ్లు గేటుకేసి తిరగండి. పిల్లని ఎవరూ చూడకూడదు. అప్పుడు అడగండి."

"బడిలో హెడ్మాస్టరు గోడకు తిరిగి కూచోటమా?" అన్నారు దేవానందంగారు. "పిల్లలు చూస్తే నా మర్యాదేం కాను?"

"ఇదేం చోద్యం బావా," అన్నాడు సుబ్బారావు. "కూలోళ్ల పిల్ల కోసం మనం వీపు పెట్టి కూచోవాలా?"

వెంకట్రామయ్య కుర్చీ ఎత్తి గోడకు తిప్పి వేసుకున్నాడు. కుర్చీ కాళ్లు గచ్చు మీద కీచుమన్నాయి. ఆయన తిరిగాక తిరగనివాడు లేడు. దేవానందంగారు గొణుక్కుంటూ తిరిగారు. సుబ్బారావు మాత్రం కదల్లేదు. కళ్లు రూతమ్మ మీద గుచ్చి కూచున్నాడు.

"తిరగరా," అన్నాడు వెంకట్రామయ్య గోడతో మాట్లాడుతున్నట్టు.

"నేనెందుకు బావా..."

"తిరగమన్నా."

నాలుగో కుర్చీ కూడా కీచుమంది. దేవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గేటుకేసి తిరిగింది. కరుణమ్మ స్తంభం అవతలికి పోయి నిలబడింది. మాట రాదేమో. రాకపోతే తనూ ఈ బడిలో ఉండదు. ఆ సంగతి అప్పటికే తేల్చుకుంది.

"నిన్న... నా వంతు ప్రార్థన."

గాలికి కొట్టుకుపోయేంత సన్నటి గొంతు.

"లేచి చెప్పలేను. అందుకని పళ్లెం తీసుకుని వామి కాడికి పోయా. రోజూ అందులోనే తింటా. సుబ్బారావుగారు వచ్చారు. నేను లోపలుండటం చూళ్లేదు. చొప్ప ఈనెలకి అగ్గిపుల్ల గీశారు. రెండోది కూడా గీశారు. పొగొచ్చింది. నేను బయటికి ఉరికా. నన్ను చూసి..." గొంతు ఆగింది. మళ్లీ వచ్చింది. "నన్ను చూసి పట్టుకున్నారు."

"అబద్ధం," సుబ్బారావు కుర్చీలోంచి లేచాడు. "వామిలోపల కూచునేదంట. చొప్ప వామిలో మనిషెట్టా కూచుంటది బావా? దాని మొహం చూడు, అబద్ధం..."

"గోడ చూడరా," అన్నాడు వెంకట్రామయ్య. ఆయన గొంతులో ఏదో మారింది. "అమ్మాయ్. లోపల ఎంత చోటుంది?"

"నిలబడితే తలకి తగల్దు."

"అంతేనా?"

"అవతలి మూల దాకా పోవచ్చు. ఇంకో నలుగురు కూచోవచ్చు. ముందు చిన్నదిగా ఉండేది. రాత్రి మేం పడుకునే వేళ బండి వచ్చేది, కిటికీలోంచి కనపడేది. కట్టలు లాగి బండికేసేవాళ్లు. సుబ్బారావుగారు దగ్గరుండి..."

వెంకట్రామయ్య తిరగలేదు. గోడ మీదే చూపు నిలిపి, తనలో తను అనుకుంటున్నట్టు పైకే అన్నాడు. "నిండు వామి అంటుకుంటే రెండు రోజులు ఆరదు. మా నాయన కాలంలో చూశా. నిన్న దీపాలు పెట్టే వేళకే బూడిదైంది. నిన్నట్నించీ నా మనసులో అదే తొలుస్తా ఉంది." అప్పుడు లేచి బావమరిది వైపు తిరిగాడు. "ఎన్ని బండ్లు తోలావురా?"

"ఎవరో కూలోళ్లు దొంగిలించుంటారు బావా. నేను చుట్ట కాల్చుకుందామని..."

"చుట్టా? పిల్ల పుల్ల గియ్యటం చూశానన్నావే నిన్న."

సుబ్బారావు చూపు తప్పుకునే దారి కోసం వెతికింది. మేత కరువులో చొప్ప దొంగతనంగా అమ్ముకుని, ఖాళీ వామి సంగతి బయటపడకుండా కాల్చేస్తే పోతుందనుకున్నాడు. లోపల పిల్ల ఉందని తెలియదు. తెలిశాక, నోరు లేని పిల్ల గదా అని నేరం దాని నెత్తిన వేశాడు. వాడి లెక్కా ఆనందరావు లెక్క లాంటిదే.

"ఇంటికి పద," అన్నాడు వెంకట్రామయ్య. కండువా దులిపి భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచాడు. "మేష్టారూ, పిల్ల మీద కేసు లేదు. అయిపోయింది."

కరుణమ్మ మెట్లకు అడ్డం వచ్చింది. "అయిపోలేదండీ."

"ఏంది?"

"నిన్న జనం మధ్య రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చారు. ఊరంతా నిప్పు పెట్టిందన్నారు. ఇయ్యాల మీ మనిషిని తీసుకుని చల్లగా ఇంటికి పోతే, ఈ పిల్ల బతికినన్నాళ్లూ వామి తగలబెట్టిన పిల్లే. కాదని మీ నోటితో చెప్పి పోండి."

"ఇంటి గుట్టు బజార్లో పెట్టమంటావా టీచరమ్మా? హాస్టలుకి రెండు బస్తాలు జొన్నలు పంపిస్తా. ఊరుకో."

"మీ జొన్నలెవరికి కావాలి?"

వెంకట్రామయ్య మొహం కందగడ్డ అయింది. ఆయన జీవితంలో ఎవరి ముందూ తల దించలేదు. ఇప్పుడు జనం కళ్లన్నీ తన మీద ఉండటం ఆయనకూ తెలిసింది. కండువా తీసి చెమట తుడుచుకున్నాడు.

"తగలబెట్టింది ఈ పిల్ల కాదు," అన్నాడు నేలకేసి చూస్తూ. "మావాడే."

"గేటు కాడోళ్లకి వినపళ్లేదు," అంది కరుణమ్మ.

ఆయన ఆమెను చంపేసేటట్టు చూశాడు. తరవాత గొంతెత్తి మళ్లీ చెప్పాడు. ఈసారి గేటు దగ్గరున్న వాళ్లకే కాదు, రోడ్డు మీద పోయే బండివాడికీ వినిపించింది. చెప్పి, సుబ్బారావును ముందు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. దేవమ్మ కూతురి కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తోంది.

ఆనందరావు మెల్లగా దగ్గరికి వచ్చాడు. "కరుణమ్మగారూ, నా లెక్కలు మళ్లీ తీయాలి. మీరు రాత్రి ఎట్టా కనుక్కున్నారో చెబితే..."

"మళ్లీ ఏంది సార్, మీరు అసలు మొదలే పెట్టలేదు. ఒక్కొక్కర్నీ ఒంటరిగా కూచోబెట్టండి. బస్సు పోతే పోనివ్వండి. కాగితం లేకపోతే మీ జీతంలో కొనండి. ఆ సున్నా వల్ల ఇయ్యాల ఒక పిల్ల జైలుకి పోయేది."

ఆనందరావు తల ఊపాడు.

దేవానందంగారు మాత్రం కుర్చీని యథాస్థానంలో వేయించుకుని, పెద్దరికం తిరిగి తెచ్చుకున్నారు. "దేవుడు న్యాయం చేశాడు. సాయంత్రం ప్రార్థన కూటంలో రూతమ్మ ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. అందరి ముందూ. పిల్లకి కూడా బెరుకు పోయిద్ది."

కరుణమ్మ ఆయన్ని చూసింది. ఇంతసేపూ జరిగింది ఈ మనిషి చెవిన కూడా పడలేదు. వీపు తిప్పుకుని కూచున్నాడు, అంతే.

"చెప్పదు," అంది.

"నేను హెడ్మాస్టర్ని."

"నేను వార్డెన్ని. పిల్ల చెప్పదు. మీకు సాక్ష్యం కావాలంటే నేను చెబుతా. కాగితం మిగల్చటానికి ఎవరేం సలహా ఇచ్చారో, టీసీ మీద ఏం రాస్తామన్నారో, అన్నీ చెబుతా. కూటం పెట్టించండి."

దేవానందంగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం కూటానికి గంట కొట్టమని ఎవరికీ చెప్పలేదు.

జనం పలచబడ్డారు. ఎవరో కరుణమ్మ చీర కుచ్చెళ్లు పట్టుకుని లాగారు. రూతమ్మ.

"టీచరుగారూ," అంది, నేలను చూస్తూనే. "ఆకలేస్తంది."

కరుణమ్మ కొయ్యబారిపోయింది. నిన్న మధ్యాహ్నం సగం తిన్న పళ్లెం తరవాత ఆ పిల్ల నోట్లో మెతుకు పడలేదు. రాత్రి తను ప్రశ్నలు పట్టుకుని గదిలోకి వెళ్లింది, పళ్లెం పట్టుకుని కాదు. హెడ్మాస్టరు అడగలేదు, లెక్చరరు అడగలేదు, తనూ అడగలేదు. అందరికీ ఆ పిల్ల నోట్లోంచి మాట కావాల్సి వచ్చింది.

పొద్దుట్నించీ ఊరి మీద ఉన్న కోపమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది.

"ఇన్నయ్యా," అని వంటింటి వైపు కేకేసింది. "పొయ్యి రాజెయ్యి. మధ్యాహ్నం దాకా ఆగేది లేదు, ఇప్పుడే అన్నం వండు. తల్లికీ బిడ్డకీ. వెనక గుమ్మంలో పెట్టు."